మార్జిన్‌లో రాసిన మాట పోకూడదు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను నిపుణుణ్ణి కాను. నేను చేసిన ఒక పొరపాటు చెబితే మీకు ఉపయోగపడుతుందని నిలబడ్డాను.

మనం సర్వీసులో ఉండగా డ్రాఫ్టు పెడితే హెడ్‌క్లర్కు గారు మార్జిన్‌లో ఒక మాట, ఆఫీసరు గారు ఒక మాట రాసేవారు. కాగితం ఎక్కడికి వెళితే ఆ మాటలూ అక్కడికి వెళ్లేవి. ఫెయిర్ కాపీ వెళ్లిపోయినా డ్రాఫ్టు ఫైల్లోనే ఉండేది. ఇప్పుడు ఆ మార్జిన్ మాటలనే కామెంట్లు అంటున్నారు. తేడా ఒక్కటే: కాగితం మీద సిరా దానంతటది మాయం కాదు, ఇక్కడ అవుతుంది.

కేంద్ర ప్రభుత్వ కుటుంబ పెన్షనరుకు 80 ఏళ్లు నిండితే మూల కుటుంబ పెన్షన్‌పై 20 శాతం అదనంగా వస్తుందని మీకు తెలుసు. 2023లో మన దివంగత సహోద్యోగి ఒకరి శ్రీమతి గారి కోసం ఆ అర్జీ నేనే టైపు చేశాను. ముగ్గురు మిత్రులకు చూపించాను. వారిలో ఒకరు "పి.పి.ఓ.లో పుట్టిన తేదీ వేరుగా ఉంది, సరిచూడండి" అని కామెంటు పెట్టారు. నేను దాన్ని చదవకుండానే పీడీఎఫ్ చేసి సంతకానికి పంపాను. పీడీఎఫ్‌లో ఆ కామెంటు రాలేదు. కాగితం శుభ్రంగా ఉంది కాబట్టి అందరూ ఒప్పుకున్నారనుకొని సంతకం చేశారు. నాలుగు నెలలకు అర్జీ అభ్యంతరంతో తిరిగి వచ్చింది. చివరకు బకాయిలతో సహా వచ్చింది గాని, ఆ నెలలన్నీ ఆవిడ మందుల షాపులో అరువు పెట్టారు. "పోనివ్వండి అన్నయ్యగారూ" అన్నారు. ఆ మాటకు నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది.

తర్వాత మా మనవరాలి దగ్గర కూర్చొని నేర్చుకున్నాను. లిబ్రే ఆఫీస్‌లో 'ఫైల్'లో 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'జనరల్' కింద 'కామెంట్స్ యాజ్ పీడీఎఫ్ యానొటేషన్స్' అనే గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెడితే కామెంటు చిన్న చీటీ గుర్తుగా వస్తుంది, నొక్కితే తెరుచుకుంటుంది. 'కామెంట్స్ ఇన్ మార్జిన్' అనే గడికి టిక్కు పెడితే పేజీ పక్కనే అక్షరాలుగా కనిపిస్తుంది. మన వయసు వారికి ఇదే సుఖం. వర్డ్‌లో అయితే పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు 'ఆప్షన్స్' తెరిచి 'డాక్యుమెంట్ షోయింగ్ మార్కప్' ఎంచుకోవాలి.

ఇంకో చిక్కుంది. చీటీ గుర్తులున్న పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో ప్రింటు తీసేటప్పుడు 'కామెంట్స్ అండ్ ఫార్మ్స్' దగ్గర 'డాక్యుమెంట్ అండ్ మార్కప్స్' అని ఉండాలి. ఉత్త 'డాక్యుమెంట్' అని ఉంటే తెర మీద కనిపించిన చీటీ కాగితం మీదకు రాదు.

దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. మనలో మనం రాసుకున్న మాటలు, రాసినవారి పేర్లతో సహా, ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. అందుకని నేను ఇప్పుడు రెండు పీడీఎఫ్‌లు చేస్తున్నాను. కామెంట్లున్నది మన ఫైలుకు. ప్రతి కామెంటుకూ జవాబు చూసుకున్నాక, కామెంట్లు లేనిది ఆఫీసుకు. ఫైలు పేరులోనే 'డ్రాఫ్టు', 'ఫెయిర్' అని రాస్తాను. పంపే ముందు రెండూ ఒకసారి తెరిచి చూస్తాను.

1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఈ పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎక్కడ తెరిచినా పేజీ చెదరదు. కాని ఏది వెంట పంపాలో చెప్పాల్సింది మనమే.

సంతకం పెట్టే పెద్దలకు ఒక్క మనవి. కాగితం మరీ శుభ్రంగా కనిపిస్తే, "ఎవరూ ఏమీ అనలేదా?" అని ఒక్కసారి అడగండి. ఆ రోజు ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ తల్లికి నాలుగు నెలలు కలిసి వచ్చేవి.