దెబ్బ ఎవరికి, ఎక్కడ?



రైలు ప్రమాదం జరిగితే రైల్వే ఊరు ఖరగ్‌పూర్ కారణం తేలేదాకా ఊరుకోదు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బహనాగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం 290 మందికి పైగా మనుషులను పొట్టన పెట్టుకుంది. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణ సిగ్నల్ వైరింగ్ దాకా వెళ్లి లోపాన్ని పట్టుకుంది. మరి రోడ్ల సంగతి? 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైనే! వాళ్లలో ఎంతోమంది కథ ‘అతివేగం, నిర్లక్ష్యం’ అన్న రెండు ముక్కలతో ముగిసిపోతుంది. ఏ వస్తువు తగిలింది, ఒంట్లో ఎక్కడ తగిలింది అని అడగాల్సింది ఈ ఊళ్లో చదివి పట్టభద్రులైన యువ ఇంజినీర్లే.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ దగ్గర రోడ్డు దాటుతున్న పెద్దమనిషిని కారు గుద్దిందనుకుందాం. ముందు బంపరు మోకాలి కింది ఎముకను విరుస్తుంది. మనిషి బానెట్ మీద పడతాడు, తల అద్దానికి కొట్టుకుంటుంది. ఆ పైన రోడ్డు మీద పడి ఇంకో దెబ్బ. అదే బంపరు బడిపిల్లకైతే తొడ దగ్గర తగులుతుంది, బానెట్ అంచు ఛాతీకి వస్తుంది. బానెట్ ఎంత ఎత్తుండాలి, దాని కింద ఎంత ఖాళీ వదలాలి అన్నది డిజైన్ చేసేవాళ్ల చేతిలో ఉంది.

2022 రోడ్డు ప్రమాద మృతుల్లో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. వాళ్లకు కాళ్లు విరగడం మామూలే, ప్రాణం తీసేది ఎక్కువగా తలకు తగిలిన దెబ్బ. హెల్మెట్ మరణం ముప్పును 42 శాతం, తలగాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని కోక్రేన్ వైద్య పరిశోధన సమీక్ష తేల్చింది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే హెల్మెట్ ఒకవైపు, మనిషి ఒకవైపు. కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకోనివాళ్లు ముందు కూర్చున్నవాళ్ల మీదికే వెళ్లి పడతారు.

గాయాల తీవ్రతకు 1974లో సుసాన్ బేకర్ బృందం ఒక లెక్క కట్టింది. బాగా దెబ్బతిన్న మూడు శరీర భాగాల మార్కులను వర్గం చేసి కూడతారు. తలకు 5, ఛాతీకి 4, కాలికి 3 అయితే మొత్తం 50. గరిష్ఠం 75. ప్రాణాపాయం అంచనాకు ఇది మంచి కొలత. కానీ వర్క్‌షాపులో రోజంతా నిలబడి పనిచేసే ఫిట్టర్‌కు తొడ ఎముక విరిగితే వచ్చేది 9. ఆ ఇంట్లో ఆగిపోయే సంపాదన ఇందులోకి రాదు.

పోలీసు, రవాణా, హైవే, ఆసుపత్రి వివరాలను ఒకచోటికి చేర్చేందుకు ఐఐటీ మద్రాస్ తోడ్పాటుతో ఐరాడ్ అనే డేటాబేస్ వచ్చింది. అందులో గాయం వివరం కూడా పూర్తిగా చేరాలి. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం, విశాఖల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద జరిగే ప్రతి ప్రమాదాన్నీ బహనాగా అంత శ్రద్ధగా విచారించే పని ఈ పట్టభద్రులు మొదలుపెట్టాలి.