మూట మోసిన పిల్లవాడు

యువత, నేరాలు అనే విషయంపై నాలుగు మాటలు చెప్పమన్నారు. దేశం సంగతి పెద్దలు చెబుతారు. నేను మన దారి సంగతి చెబుతాను.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి చింతూరు మీదుగా వచ్చి, భద్రాచలం వంతెన దాటి హైదరాబాదు వైపు పోతోంది. పెట్టుబడి పెట్టేవాడు మూట ముట్టడు. కొనేవాడు చెక్‌పోస్టు దగ్గరికి రాడు. పట్టుబడేది ఎక్కువగా మోసే కుర్రవాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో శిక్ష తూకాన్నిబట్టి ఉంటుంది. కిలో లోపయితే ఏడాదికి మించదు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, బెయిలూ కష్టమే. లాభంలో వాడి వాటా ఎంతో ఆ తూకంలోకి రాదు.

నేరస్థుణ్ణి వెనకేసుకొస్తున్నావా అని ఎవరైనా అడగవచ్చు. శిక్ష వద్దనడం లేదు. అయితే, ఆ మూటకు గిరాకీ మన మనుమలు చదివే పట్నాల్లోనే ఉంది. అక్కడి పిల్లవాడు చిక్కుకుంటే తండ్రి ఆ పూటే వకీలును పెడతాడు. గూడెం తల్లికి స్టేషన్ ఎటో తెలియదు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లవాణ్ణి లాకప్పులో పెట్టకూడదనీ, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలనీ 2015 నాటి చట్టం చెబుతోంది. వయసుపై సందేహం వస్తే ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ జనన పత్రం. ఏదీ లేనప్పుడే వైద్య పరీక్ష. బడిపంతులుగా అడ్మిషన్ రిజిస్టర్లు రాసినవాణ్ణి కనుక ఆ ఒక్క గడి విలువ నాకు తెలుసు. చింతూరు, కూనవరం వంటి మన పాత ఖమ్మం జిల్లా మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ ఊళ్ల పిల్లవాడు భద్రాచలంలో పట్టుబడితే కేసు ఒక రాష్ట్రంలో, రిజిస్టరు మరో రాష్ట్రంలో!

మనం బతికే ఉన్నామని ఏటా కాగితం ఇచ్చుకుంటున్నవాళ్లం. కాగితం వెతకడం, అర్జీ రాయడం మనకు కొత్త కాదు. 1987 న్యాయసేవల చట్టం కింద గిరిజనులకు, దళితులకు, స్త్రీలకు, బాలలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ అర్జీ తల్లి పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి కావాలి. బడి మానేసిన పిల్లవాణ్ణి మళ్లీ హాస్టల్లో చేర్పించడానికి ఐ.టి.డి.ఎ. కార్యాలయానికి వెంటబెట్టుకుపోయే మనిషీ కావాలి. అసలు ముందు చేయాల్సిన పని అదే.

వారానికి ఒక పూట ఇవ్వగల భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం మిత్రులు సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించవలసిందిగా మనవి. మొదటి పేరు నాది.