లుప్తధ్వనుల సాక్ష్యము

పట్టభద్రులారా!

ఇట్టి స్నాతకోత్సవ సభలయందు వృత్తిని గూర్చియో దేశసేవను గూర్చియో ముచ్చటించుట ఆనవాయితీ. నేనుమాత్రము చిరకాలముగా నన్ను వదలని భాషాశాస్త్రమునే ఆశ్రయింతును. మీరు సైరింతురు గాక.

1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సభయందు సర్ విలియం జోన్స్, సంస్కృతము, గ్రీకు, లాటిను బహుశః నశించిపోయిన యొకానొక మూలభాషనుండి జనించియుండవలెనని ప్రకటించెను. ఇండో-యూరోపియన్ కుటుంబ సిద్ధాంతమునకు ఆ వాక్యము అంకురము. ఇండో-ఇరానియను, గ్రీకు, ఇటాలిక్, జర్మానిక్, కెల్టిక్, బాల్టో-స్లావిక్, ఆర్మేనియను, అల్బేనియను శాఖలు నేటికిని సజీవములు; అనటోలియను, తోఖారియను శాఖలు అంతరించినవి. ఈ పట్టిక ఏ విజ్ఞానసర్వస్వమునందైనను దొరకును. ఈ బంధుత్వము ఎట్లు రుజువగుననునదియే విచారణీయము.

మాటలు పోలినంతమాత్రమున భాషలు చుట్టములు కావు. పితృ, పాద శబ్దములు తెలుగు పొత్తములయందును గలవు. అవి ఎరువు తెచ్చుకొన్నవి. ఇంగ్లీషునందలి ఫాదర్, ఫుట్ అనునవియో, సంస్కృతమున పకారమున్నచోట జర్మానిక్ శాఖయందు ఫకారము నిలుచునను నియమమునకు లోబడి వారసత్వముగా వచ్చినవి. యాకోబ్ గ్రిమ్ 1822లో విశదపఱచిన ఇట్టి నియమములకు లొంగని మాటలు కొన్ని మిగిలియుండగా, డెన్మార్కు దేశీయుడు కార్ల్ వెర్నర్ 1877లో వైదికస్వరమును ఆధారముగా గొని, ఉదాత్తస్థానభేదమే ఆ వైకల్యమునకు హేతువని నిరూపించెను. మన ఘనపాఠులు కంఠస్థముగా కాపాడిన స్వరము జర్మను పండితుల చిక్కును విప్పినదనుట నాకు నేటికిని అబ్బురమే.

అంతకంటె అబ్బురమైనది మరొకటి గలదు. లైప్‌జిగ్‌లో చదువుచున్న ఫెర్డినాండ్ ద సొస్యూర్, మీలో పలువురి యీడువాడే, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ధాతువులయందలి అచ్చుల మార్పులను పరిశీలించి, తెలిసిన భాషలలో నెచ్చటను నిలువని కొన్ని ధ్వనులు మూలభాషయందుండి, పొరుగు అచ్చుల గుణమును మార్చి తాము లోపించియుండవలెనని 1878 చివర ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఇది గణితక్రీడయని తలచినవారు పెక్కుమంది. 1913లో సొస్యూర్ గతించెను. టర్కీలోని బోఘజ్‌కోయ్ త్రవ్వకములలో బయల్పడిన మట్టిపలకలపై, రొట్టెను సూచించు చిహ్నము ప్రక్కన తినుటను, త్రాగుటను, నీటిని తెలుపు మాటలను గుర్తించి, ఆ పలకలలోని హిట్టైట్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబమునకు చెందినదేయని బెడ్రిక్ హ్రోజ్నీ ప్రకటించినది 1915లో. ఆ హిట్టైట్ భాషలో, సంస్కృతమున అస్థియనియు గ్రీకున ఓస్తెయోన్ అనియు వ్యవహరింపబడు ఎముకకు, కంఠధ్వనితో మొదలగు ‘ఖస్తాయి’ యను రూపము గలదు. సొస్యూర్ ఊహించిన లుప్తధ్వని యిదియేయని 1927లో భాషావేత్త కురిలోవిచ్ చూపెను.

ఎరువేదో వారసత్వమేదో తేల్చు పరీక్షయే మన భాషకును జరిగినది. 1816లో, అనగా ఫ్రాంజ్ బోప్ తన తులనాత్మకగ్రంథమును ప్రకటించిన యేటనే, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, పట్టాభిరామశాస్త్రిగారు కూర్చిన ధాతుపట్టికను ఆధారముగా గొని, కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతజన్యము కాదనియు తమిళ కన్నడములకు సోదరియనియు స్థాపించెను. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమగు కాల్డ్వెల్ గ్రంథము వెలువడినది 1856లో. ఎల్లిస్‌కు, శాస్త్రిగారికి దక్కవలసిన కీర్తి చాలవఱకు కాల్డ్వెల్‌కే దక్కుట అన్యాయమని నా యభిప్రాయము.

లుప్తధ్వనుల సాక్ష్యము మన కుటుంబమునందును గలదు. కావ్యములలో శకటరేఫ (ఱ), సాధురేఫ (ర)లకు ప్రాసమైత్రి కూడదని మనవారు శాసించిరి. నేటి మన నోట ఆ భేదము లేదు. అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషలో అది నేటికిని వినబడును. ద్రావిడకుటుంబమునందలి యిట్టి సాక్ష్యములు వ్రాతకు అంతగా ఎక్కని భాషలలో మిగిలియున్నవి. అవి మట్టిపలకలపై నిలుచునవి కావు, పలుకువారితోనే పోవునవి. మీలో నలుగురైనను అరకు, ఆదిలాబాదు కొండలకేగి, కూబి, గోండి, కొలామి పెద్దల పలుకులను యథాతథముగా వ్రాసికొనుడని ప్రార్థించుచున్నాను.