క్రైట్: ఒక చేపల పడవ యుద్ధచరిత్ర



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి యుద్ధచరిత్రలో ఏదైనా అంశం తీసుకోమన్నారు. నేను ఒక చెక్కపడవను తీసుకున్నాను. దాని పొడవు 70 అడుగులు, వెడల్పు 11 అడుగులే. 1934లో జపాన్‌లో కట్టారు, పేరు కోఫుకు మారు. సింగపూరు చుట్టుపక్కల వేట సాగించే పడవలకు సరుకులు అందించి, అవి పట్టిన చేపలు తెచ్చేది. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగగానే ఆస్ట్రేలియా నౌకాదళం దాన్ని పట్టుకుంది.

సింగపూరు చేజారుతున్న రోజుల్లో బిల్ రేనాల్డ్స్ అనే ఆస్ట్రేలియన్ నావికుడు ఈ పడవ తీసుకుని సుమత్రా తూర్పు తీరం వెంట తిరిగాడు. బాంబులకు మునిగిన ఓడల నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్లను, దీవుల్లో చిక్కుకుపోయినవాళ్లను, 1,100 మందికి పైగా దాటించాడు. ఆ తర్వాత బంగాళాఖాతం మీదుగా మన దేశం చేరాడు. ఆ రోజుల్లో ఆ సముద్రం ఎలా ఉండేదో మన కోస్తావాళ్లకు చెప్పనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేనాల్డ్స్ అంతమందిని కాపాడిన ఘట్టాన్ని సైనిక చరిత్రకారులు రెండు వాక్యాల్లో దాటేస్తారు. నా దృష్టిలో ఈ పడవ చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఇదే.

బొంబాయిలో బ్రిటిష్ సైన్యాధికారి ఇవాన్ లయన్ చేతికి వచ్చాక దానికి క్రైట్ అని పేరు మారింది. క్రైట్ అంటే మన కట్లపామే. ఓడ మీద ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపారు. అక్కడి నుంచి ఈ పడవలో జపాన్ చేతిలో పడ్డ సింగపూరుకు వెళ్లి, రేవులోని ఓడలను చాటుగా దెబ్బతీయాలన్నది పథకం. పాత ఇంజను మొరాయించి మొదటి ప్రయత్నం ఆగిపోయింది. కెయిర్న్స్‌లో గార్డ్‌నర్ డీజిల్ ఇంజను బిగించారు. 1943 సెప్టెంబరులో ఎక్స్‌మౌత్ గల్ఫ్ నుంచి కదలబోతే ప్రొపెల్లర్ షాఫ్టు విరిగింది. అక్కడున్న అమెరికన్ నౌకవాళ్లు బాగుచేసి పంపారు. పడవలో ఉన్నది 14 మంది.

పైన జపాన్ జెండా కట్టారు. ఒంటికి గోధుమరంగు పూసుకుని, లుంగీలు చుట్టుకున్నారు. చెమటకు రంగు కారిపోయేది. లాంబోక్ జలసంధిలో ఎదురు ప్రవాహానికి పడవ ముందుకు సాగక రాత్రంతా పట్టింది. అయినా ఎవరూ ఆపలేదు. వేటకు వెళ్లే బెస్తవాణ్ణి పరీక్షగా చూసేదెవరు? సముద్రం మీద పొట్టపోసుకునేవాళ్ల పట్ల లోకానికున్న ఆ చిన్నచూపే ఈ పడవకు కవచమైంది.

సెప్టెంబరు 18న ఆరుగురు, మూడు మడత పడవలతో, సింగపూరు దగ్గరి దీవిలో దిగారు. 26వ తేదీ రాత్రి రేవులోకి తెడ్లేసుకుంటూ వెళ్లి ఓడల అడుగుభాగాలకు అయస్కాంత మందుపాతరలు తగిలించారు. ఏడు ఓడలు మునగడమో దెబ్బతినడమో జరిగిందని వాళ్ల లెక్క. తర్వాతి పరిశోధకులు దాన్ని కొంత తగ్గించారు. అన్నాళ్లూ బోర్నియో వైపు తిరుగుతూ గడిపిన క్రైట్ పొంపొంగ్ దీవి దగ్గర వాళ్లను ఎక్కించుకుంది. తిరుగు దారిలో లాంబోక్ దగ్గర ఒక జపాన్ గస్తీ ఓడ పక్కకే వచ్చి, కాసేపు వెంట నడిచి, వెళ్లిపోయింది. అక్టోబరు 19న పడవ ఎక్స్‌మౌత్ చేరింది.

మరుసటి ఏడాది ఇలాంటి దాడికే మళ్లీ వెళ్లిన లయన్‌తో సహా 23 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ యాత్రకు క్రైట్‌ను వాడలేదు. యుద్ధం ముగిశాక బోర్నియోలో కలప పనికి అమ్మేశారు. 1964లో ఆస్ట్రేలియన్లు దాన్ని వెతికి తెచ్చుకున్నారు. ఇప్పుడు సిడ్నీలోని జాతీయ సముద్రయాన మ్యూజియంలో ఉంది.

ఈ కథలో సింగపూరువాళ్లు మోసిన భాగం చెప్పకుండా వదిలితే అన్యాయం. దాడి చేసిందెవరో మిత్రపక్షం గుట్టుగా ఉంచింది. ఇది సింగపూరులోని చాంగీ జైల్లో తాము నిర్బంధించిన పౌరుల పనేనని జపాన్ సైనిక పోలీసులు, అంటే కెంపెయిటై, నమ్మారు. పడవ ఇంకా దారిలో ఉండగానే, అక్టోబరు 10న, జైలు మీద పడ్డారు. 57 మందిని పట్టుకుని హింసించారు. 15 మంది చనిపోయారు. దాడి సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆ వరసలోనే ఎలిజబెత్ చోయ్‌ని కూడా పట్టుకున్నారు. ఆస్పత్రిలో భర్తతో కలిసి క్యాంటీను నడుపుతూ ఖైదీలకు తిండి, డబ్బు, ఉత్తరాలు చేరవేసిన మనిషి. దాదాపు 200 రోజులు చిత్రహింసలు పడింది, ఒప్పుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఈ చిత్రహింసలకు గాను 1946లో 21 మంది మీద విచారణ జరిగి ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. తనను హింసించినవాళ్లకు ఆ శిక్ష వేయమని మాత్రం చోయ్ అడగలేదు, తప్పు యుద్ధానిదేనంది.