నాడీకణం ఎలా చనిపోతుంది?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెన్షన్ బకాయిల చర్చ అయ్యాక నాకు ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. పది మిగిలాయి. సూటిగా విషయానికి వస్తాను.

ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. నాడీకణం బొమ్మ కళ్ళు మూసుకుని వేయగలను. అయినా 2018లో ఒక ఉదయం ఏడు గంటలకు మా ఆవిడ చేతిలోంచి కాఫీ గ్లాసు జారి, మాట ముద్దగా వస్తే, "రాత్రి నిద్ర లేదు కదా, కాసేపు పడుకో" అన్నాను. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ ఎనిమిది గంటల్లో ఆమె మెదడులో ఏం జరిగిందో తరువాత కూర్చుని చదివాను.

మెదడులో ఒక కణం మరో కణాన్ని ఉత్తేజపరచడానికి వాడే ముఖ్య రసాయనం గ్లుటామేట్. వార్త అందగానే పక్కనున్న సహాయక కణాలు దాన్ని పీల్చేసుకుంటాయి. అందుకు శక్తి కావాలి. రక్తనాళం మూసుకుపోతే శక్తి ఉండదు. గ్లుటామేట్ పొర్లుతుంది, తీసేవాళ్ళుండరు.

కణం పొరలో ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకమనే ద్వారం ఉంది. మామూలప్పుడు మెగ్నీషియం దానికి బిరడాలా అడ్డుంటుంది. కణం విడవకుండా ఉత్తేజితమైతే బిరడా ఊడి, కాల్షియం లోపలికి జొరబడుతుంది. లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ, మరి ఆగుతుందా! అది కాల్పెయిన్ అనే ఎంజైమును మేల్కొలిపితే, ఆ ఎంజైము కణాన్ని నిలబెట్టే ప్రోటీన్లనే కోసేస్తుంది. మైటోకాండ్రియా కాల్షియం మింగి మింగి ఉబ్బి పాడవుతాయి. చచ్చే కణం తనలోని గ్లుటామేటును పొరుగు కణాల మీద ఒలకబోస్తుంది.

1969లో అమెరికాలో జాన్ ఓల్నీ ఎలుక పిల్లల్లో ఇలాంటి మరణాన్ని చూపించాడు. మనకు దగ్గరి ఉదాహరణ కేసరి పప్పు. కరువులో నెలల తరబడి అదే తిన్నవాళ్ళకు కాళ్ళు పడిపోయేవి. అందులోని విషాన్ని 1964లో పి.ఎస్.శర్మ, ఎస్.ఎల్.ఎన్.రావు, అడిగ గార్లు వేరుచేశారు. అది గ్లుటామేటు వేషం వేసుకుని అలాంటి మరో ద్వారాన్నే తెరుస్తుంది.

ద్వారం మూసే మందు కనిపెడితే సరిపోతుందిగా అనిపిస్తుంది. ప్రయత్నించారు. జంతువుల్లో పనిచేసినవి పక్షవాత రోగుల్లో ఫలించలేదు. ఆలస్యమైపోవడం ఒక కారణం. బ్రతికిన కణాలకు అదే గ్లుటామేట్ అవసరం కావడం మరొకటి.

రక్తం బొత్తిగా అందని చోట కణాలు నిమిషాల్లో పోతాయి. చుట్టూ ఉన్నవి మాత్రం గంటల తరబడి కొట్టుమిట్టాడతాయి. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకు?" ఏడు అన్నాను. ఆయన గడియారం చూసి ఊరుకున్నాడు.

మా ఆవిడ ముందు వరుసలోనే ఉంది. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. ఈ సంగతి దాచకుండా చెప్పమన్నది తనే. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.