బాష్పోత్సేకం: ఎక్కడ విడగొట్టాలి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే మాట మీద. బాష్పోత్సేకం.

పోయిన ఆగస్టులో విడపనకల్లు వెళ్లాను, మా చిన్నాన్న వాళ్లింటికి. చెల్లి టెన్త్ చదువుతోంది. జీవశాస్త్రం యూనిట్ టెస్టులో ఈ ప్రశ్న వదిలేసింది. ఏమ్మా అంటే, "నోరే తిరగల్యా అన్నా, ఇంగ ఏం రాసేది?" అంది. సరే, మెల్లగా చదువు అన్నాను. "బాష్... పోత్... సే... కం."

తప్పేం లేదు! పలికేటప్పుడు అలాగే విరుగుతుంది. రాతలో మాత్రం బా-ష్పో-త్సే-కం. గణవిభజనలో సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అని నేర్పారు కదా, కారణం ఇదే. "పద్మం" అంటే నోట్లో పద్-మం. ద్ వెనక్కొచ్చి ప కి అతుక్కుంటుంది.

ఫోన్‌కి ఇంకో లెక్క. మనకి 4 అక్షరాలు, దానికి 12 యూనికోడ్ ముక్కలు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యాయి, గుర్తుందా? ఇలాంటి ముక్కల మధ్య కంటికి కనబడని క్యారెక్టర్ ఒకటి దూరితే ఆపిల్ సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోయింది. ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. సరే, అది పక్కన పెడదాం.

ఈ మూడు లెక్కల్లో దేనితోనూ అర్థం రాదు. ఎందుకంటే అసలు అతుకు "ష్పో" లోపల దాక్కుంది. బాష్ప + ఉత్సేకం. అ, ఉ కలిసి ఓ అయ్యాయి. గుణసంధి. ఇప్పుడు చూడండి: ఆనందబాష్పాల్లో ఉన్న బాష్పమే ఇది, ఇక్కడ ఆవిరి. సేకం అంటే పోయడం, చల్లడం. అభిషేకంలో ఉన్నదీ అదే, అక్కడ స కాస్తా ష అయింది. ఉత్ అంటే పైకి. దేవుడికి మీద నుంచి పోస్తాం, మొక్క కింద నుంచి పైకి పోస్తుంది, ఆవిరిగా.

ఆ రోజు చేను బెట్టకొచ్చి ఉంది. మధ్యాహ్నం చెనిక్కాయ ఆకులు ముడుచుకున్నాయి. నీళ్లు చాలకపోతే ఆకుల్లోని పత్రరంధ్రాలు మూసుకుంటాయి, బాష్పోత్సేకం తగ్గుతుంది. చెల్లి చూసి, "అంటే అభిషేకం ఆపేసిందా అన్నా?" అంది. టెస్టులో అదే రాసుంటే నేనైతే మార్కులు వేసేవాణ్ని.

కిరణజన్యసంయోగక్రియ చూసి అందరూ భయపడతారు గానీ, నా లెక్కలో అది తేలిక. కిరణ, జన్య, సంయోగ, క్రియ. పొడుగే తప్ప అతుకులన్నీ బయటికే ఉన్నాయి. ద్రవాభిసరణం పొట్టిది గానీ దొంగది. ద్రవ + అభిసరణం, అతుకు "వా" లో ఉంది.

ఇంగ్లీష్ మీడియం వాళ్లు నవ్వకండి. ట్రాన్స్‌పిరేషన్ కూడా లాటిన్‌లో ట్రాన్స్ + స్పిరారే. మధ్యలో ఒక స్ మింగేశారు.

జీర్ణాశయం మీరు విడగొట్టి కామెంట్‌లో పెట్టండి. ఒక్క క్లూ: అందులో ఆశయం అంటే లక్ష్యం కాదు, జలాశయంలో ఉన్న ఆశయం.