ఇచ్చెదనన్నవారిని అడుగవలసిన ప్రశ్న

 

స్నాతకోత్సవవేళ విద్యామహిమను గూర్చియు, ఉన్నతాశయములను గూర్చియు ముచ్చటించుట ఆచారము. నేను మాత్రము పన్నులను గూర్చి మాటలాడదలచితిని. నేడు పట్టములందుకొనుచున్న మీలో అనేకులు ఇదివరకే ఒకమారు ఓటు వేసియుందురు. తక్కినవారు రాబోవు ఎన్నికలలో వేయుదురు. మన ఎన్నికల సభలలో అభ్యర్థి ఏమిచ్చునో వినుటకు చెవులు నిక్కించుకొను జనము, ఆ యిచ్చునది ఎవరియొద్ద తీసికొని యిచ్చునో అడుగుట నేను మిక్కిలి అరుదుగా వింటిని. ఈ రెండవ ప్రశ్నకు మన మార్కాపురపు సీమలో చాల పాతచరిత్ర యున్నది. దానిని మీకు చెప్పవలెనని నా కోరిక.

1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కుంపిణీకి వదలుకొన్నప్పుడు మన కంభము, దూపాడు సీమలును వానితోపాటు పోయినవి. ఆ మండలములకు ముఖ్య కలెక్టరుగా వచ్చిన తామసు మన్రో ఏడేండ్లపాటు గుడారములలో కాపురముండి, చేనుచేనును కొలిపించి, శిస్తు కట్టించెను. 1807లో వెడలిపోవుచు, తాను కట్టించిన శిస్తే రైతునకు బరువైనదని తలచి, భూములన్నిటిపై నూటికి 25 వంతులును, బావులు చెరువులు గల భూములపై అంతకు మించియు తగ్గింపుమని పైవారికి వ్రాసెను. పైవారు అప్పుడు వినలేదు. గ్రామములను మొత్తముగా కౌలుకిచ్చు పద్ధతికి దిగిరి. పిమ్మట 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరై తిరిగి వచ్చినప్పుడుగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. ఒక్క మంచి సంస్కరణము పదుమూడేండ్లు కాగితములలో నిలిచిపోయెను. ఆ పదుమూడేండ్లును శిస్తు కట్టినవాడు మన రైతే. మన్రోను పొగడువారు పొగడుదురుగాక, నేను కాదనను. 1827లో పత్తికొండయొద్ద కలరా సోకి కన్నుమూసిన ఆ మనుజునియందు మనవారికి నిజమైన గౌరవముండెను. అయినను ఆయనను గవర్నరు చేసినది లండనులోనివారు. తగ్గింపు వలయునా వద్దా యని కంభము రైతును అడిగినవారెవరును లేరు. పన్నిచ్చుట మనవంతు, నిర్ణయించుట పరులవంతు. ఈ అన్యాయమును తొలగించుటకే గదా మన పెద్దలు చెరసాలలకు పోయిరి!

ఇచ్చట ఒకమాట. నేటికిని మనదేశమున గవర్నరును ప్రజలెన్నుకొనరు, రాష్ట్రపతి నియమించును. అమెరికాలో అట్లుగాదు. అచ్చట రాష్ట్రముల గవర్నర్లు ప్రజల ఓటుతోనే గద్దెనెక్కుదురు. పోటీపడువారు ఒకే వేదికపై నిలిచి, ఆదాయపుపన్ను పెంతువా, అమ్మకపుపన్ను తగ్గింతువా యని ఒకరినొకరు నిలదీసికొందురు.  మనకు అచ్చటి గవర్నరు స్థానము ముఖ్యమంత్రిది. అట్టి వాదము మనయొద్దను జరుగకపోలేదు. జరిగినప్పుడొకమారు ప్రభుత్వమే కూలినది.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి కథయే అది. 1937లో రాజాజీ ప్రభుత్వమున ఆయన రెవెన్యూమంత్రి. ఆ ప్రభుత్వము సేలం జిల్లాలో మొదలిడి, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు మద్యనిషేధమును విస్తరించెను. కల్లు సారాల రాబడి పోయిన బొక్కసమునకు మరియొక దారి కావలసివచ్చి, 1939లో సాధారణ అమ్మకపుపన్ను చట్టము చేసిరి. దేశమున అట్టి పన్నునకు అదియే మొదలు. ఈనాడు మీరు కిరాణాకొట్టులో సబ్బు కొన్నప్పుడు కట్టు పన్నునకు మూలపురుషుడు ఎవరని వెదకినచో, త్రాగుడు మాన్పించుటకు పూనుకొన్న ఆ మంత్రివర్గమే కనబడును. నాకు ఆ ప్రభుత్వముపై గౌరవము కలుగుటకు కారణమిదియే: ఒక రాబడిని వదలుకొనుచు, దానికి బదులు ఎచ్చటనుండి తెత్తుమో అదే నోట చెప్పిరి. వర్తకులు కోపించినను చెప్పిరి.

తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, కర్నూలు రాజధానియై, ఎనుబదియొక్క యేండ్ల వయసున పంతులుగారు ముఖ్యమంత్రియైనప్పుడు, మార్కాపురము, గిద్దలూరు, కంభములు కర్నూలు జిల్లాలోనివే; రాజధాని అప్పటి మన జిల్లా ముఖ్యపట్టణమే. కొత్త రాష్ట్రమునకు ఇల్లు లేదు, వాకిలి లేదు, డబ్బు అంతకన్న లేదు. నిషేధమువలన రాబడి పోవుచున్నది. దొంగసారా మాత్రము ఆగలేదు. గౌతు లచ్చన్నగారి నాయకత్వమున గీతపనివారు తమ బ్రతుకుతెరువు పోయినదని సత్యాగ్రహమునకు దిగిరి. నిషేధము ఎట్లు నడచుచున్నదో పరిశీలించిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుమనెను. ప్రభుత్వము ఎత్తివేయనూ లేదు, గట్టిగా నిలుపనూ లేదు. 1954 నవంబరు 6న ఈ విషయముపైననే అవిశ్వాసతీర్మానము వచ్చి, ఒక్క ఓటు తేడాతో ప్రకాశంగారి ప్రభుత్వము పడిపోయెను. ఆంధ్రకేసరియని దేశము కొనియాడినవాడు, తుపాకికి రొమ్ము చూపినవాడు, అబ్కారీ పద్దు దగ్గర ఓడిపోయెను. తరువాతి ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి. 196 స్థానములలో కాంగ్రెసు కూటమి అఖండవిజయము గాంచెను, కమ్యూనిస్టులకు 15 దక్కినవి, బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. ప్రకాశంగారి ఓటమిని నేను అవమానముగా తలపను. రాష్ట్రపు రాబడి యెచ్చటనుండి రావలెనను ప్రశ్నమీద ఒక సభ నిజముగా వాదించి, ఓటు వేసి, తీర్పు చెప్పినది. అట్టి సభ మనకున్నదని గర్వపడవలెను.

మరి చదువురానివారు ఈ ప్రశ్న వేయలేరనుకొందురేమో. మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి, వాచకములో సీతమ్మకథ చదివిన స్త్రీలు, రోశమ్మ మొదలైనవారు, 1992లో సారా అంగడిని మూయించిరి. వారి కంటికి ప్రభుత్వమువారి రాబడి లెక్కలు కనబడలేదు. భర్తకూలి అంగడిలో పోయి, పొయ్యిమీద కుండ ఎక్కకుండుట కనబడెను. అదియే అసలు లెక్క. 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతట సారా నిలిచిపోయెను; 1994 డిసెంబరులో ముఖ్యమంత్రియైన ఎన్.టి. రామారావుగారు ప్రమాణస్వీకార వేదికపైననే సంపూర్ణ మద్యనిషేధమునకు సంతకము పెట్టిరి. అయితే 1939నాటి జాగ్రత్త ఈమారు లేకపోయెను. పోయిన రాబడికి బదులేమని ఎన్నికలకు ముందు ఎవరును స్పష్టముగా చెప్పలేదు, మనమును అడుగలేదు. 1996లో కిలో రెండు రూపాయల బియ్యము మూడున్నర అయినది; 1997లో నిషేధమే పోయెను. ఆ స్త్రీల పోరాటమునుండి పుట్టిన సంపూర్ణ నిషేధము మూడేండ్లైనను నిలువలేదు. ఈ మాట చెప్పునప్పుడు నాకు ఇప్పటికిని గుండె బరువెక్కును.

నేడు స్థితి మరింత చిక్కుపడినది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటినుండి చాల వస్తువులపై పన్నురేటు నిర్ణయించు అధికారము ఏ రాష్ట్రమునకును ఒంటరిగా లేదు. జీఎస్టీ మండలిలో కేంద్రమునకు మూడవవంతు, రాష్ట్రములన్నిటికి కలిపి మూడింట రెండువంతులు ఓటు, అందు ముప్పాతికవంతు కలిసినగాని నిర్ణయము జరుగదు. 2025 సెప్టెంబరు 22 నుండి ముఖ్యముగా 5, 18 అను రెండు రేట్లే నిలిచినవి. కొనువానికి కొంత ఊరట దొరకినది. రాష్ట్రము తనచేతితో పెంచదగినవి, తగ్గించదగినవి ఇంక కొద్దియే: మద్యము, పెట్రోలు డీజిళ్లు, రిజిస్ట్రేషన్లు, వాహనముల పన్ను, చిన్న ఖనిజములపై సీనరేజి వంటివి. కావున ఏ పక్షమువారైనను వేదికపై పెద్ద వాగ్దానము చేసినప్పుడు, అప్పు గాక, దానికి కావలసిన ధనము తరచుగా ఈ కొద్ది ద్వారములనుండియే రావలెను. గిద్దలూరు బంకులో వంద రూపాయల డీజిలు పోయించుకొను ఆటోడ్రైవరు, ఆ వందలో ప్రభుత్వములకు ఎంత పోవుచున్నదో యెరుగడు. సాయంత్రము మద్యపు అంగడిలో మరియొక నోటు ఇచ్చును. మరుసటి నెల అతని తల్లి చేతికి పింఛను అందును. ఒకే ఇంటినుండి తీసికొని ఒకే ఇంటికి ఇచ్చుటలో ఇచ్చినది మాత్రమే కంటబడునట్లు చేయుట న్యాయముకాదు.

మన మార్కాపురపు పలకల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కొట్టములో నేలమీద కూర్చుండి, రాతిపెళ్లను ఒడిలోనికి తీసికొని, అంచున ఉలి ఆనించి మెల్లగా తట్టుచు, అప్పడమంత పలుచని పొరను చీల్చు పనివారిని నేను గంటలతరబడి చూచితిని. కనురెప్పలమీద నల్లని దుమ్ము పేరుకొనియుండును, పొర చిట్లకుండ ఊడివచ్చినప్పుడు మాత్రము పెదవి కదలును. ఆ పలకతో దేశమున ఎందరో బిడ్డలు ఓనమాలు దిద్దిరి. పిల్లవాని పలకపై నేడు జీఎస్టీ లేదు, అది మంచిపనియే. కాని పలక కొనువాడే తగ్గినపుడు పన్నుమినహాయింపు కడుపు నింపదు. ఆ పనివానికి కావలసినది తగ్గింపు కాదు, రాష్ట్రపు ఖర్చులో వాటా: కొట్టమునకు గాలి, పిల్లలకు మరియొక వృత్తి, ఇంటికి మంచినీరు.

మంచినీరనగానే వెలిగొండ జ్ఞప్తికి వచ్చును. ఉద్యమనాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టుకొన్న ఆ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. శ్రీశైలము నీటిని నల్లమల క్రింద పదునెనిమిది కిలోమీటర్లకు పైబడిన జంట సొరంగములద్వారా తెచ్చి, నాలుగులక్షల నలుబదియేడు వేల ఎకరములను తడుపవలెనని సంకల్పము. మీరు పుట్టకమునుపు తలపెట్టిన పని. ప్రతి ఎన్నికలోను ప్రతి అభ్యర్థియు దానిపేర ఓటడిగెను. ఏ యేటి బడ్జెటులో ఎంత, అది ఏ రాబడినుండి, ఏ నెలకు ఏ పని అని వ్రాతమూలముగా అడిగిన పట్టభద్రులు ఊరికి పదిమంది ఉండియుండినచో కథ మరొకరీతిగా నడచియుండునని నా దృఢవిశ్వాసము. బడ్జెటు ప్రతులు నేడు ఎవరికైనను దొరకును. చదువ నేర్చినవారు మీరున్నారు.

గడచిన ఎన్నికలవేళ తర్లుపాడుదారిలో ఒక పల్లెయందు అరుగుమీద నేను కూర్చుండగా, ప్రచారమునకు వచ్చిన ఒక అభ్యర్థి కరపత్రము చదివి వినిపించెను. గుంపులో వెనుక ఒక ముసలమ్మ, నీళ్లబిందె చంకన పెట్టుకొనియే, అంతయు విని, “ఇయ్యన్నీ ఇస్తావు, మంచిదే నాయనా. ఎవురికాడ తీసుకొచ్చి ఇస్తావు?” అని అడిగెను. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలిసికొనవలెనను కోరికయే యున్నది. అతడు ఒక క్షణమాగి, కరపత్రము మరల తిరుగవేసి చూచెను. వెనుకవైపు ఏమియు అచ్చుకాలేదు. ఇంతలో ట్యాంకరు హారను వినవచ్చెను. ఆమె బిందె సర్దుకొని వరుసలో నిలుచుటకు పోయెను.